కొట్టంల పుట్టిన దొర

మా వంశంలో ఊళ్లు పోగొట్టుకున్నవారున్నారు, గుర్రాలు పోగొట్టుకున్నవారున్నారు. మూడు నిమిషాల క్రిస్మస్ పాటతో పరువు పోగొట్టుకున్నది మాత్రం నేనొక్కణ్ణే. నవ్వుకోండి. మా ఊరు తాండూరు ఎప్పుడో నవ్వేసింది, మీదే ఆలస్యం.

అరవైల మొదట్లో సంగతి. ఊరి అంచున మా గడి, అంటే దొరల కోట, అప్పటికే కూలిపోయింది. మిగిలిందల్లా నాపరాళ్లతో కట్టిన పశువుల కొట్టం. దానికి సున్నం వేయించి, తాతగారి తల్వారు కత్తి గోడకు తగిలించి, గడి అనే పిలుస్తూ భార్యతో, ఇద్దరు కూతుళ్లతో అందులోనే ఉండేవాణ్ణి. ద్వారం ఎంత పొట్టిదంటే, ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. ఆ ఇంట్లో నాకు నచ్చనిది అదొక్కటే.

పిల్లల మిషన్ బడిలో ఆ ఏడు క్రిస్మస్‌కు ఇంటికొక పాట తెమ్మన్నారు. పెద్దది సరోజకు పాడాలని ప్రాణం. జనాన్ని చూస్తే మాత్రం గొంతు పెగలదు. వాళ్ల టీచరు సుగుణమ్మ ఉపాయం చెప్పింది. వికారాబాద్‌లో ఆమె తమ్ముడి దగ్గర టేపు రికార్డరు ఉందట. అక్కడ పాడిస్తే పండుగనాడు ఇక్కడ వినిపించవచ్చు. మా ఇంటి పాట ఇంకొకరు రాయడమేమిటని నేనే కలం పట్టాను. క్రీస్తు కథ నాకు తెలిసింది సరోజ చెప్పినంతే.

కొట్టంల పుట్టిండు దొర
గడ్డే దొరకు పరుపాయె
తలుపు జూస్తె పొట్టిదాయె
వంగి రావాలె ఎవరైన

సుగుణమ్మ చదివి 'దొర' అన్న మాట మీద వేలు పెట్టింది. "ప్రభువు అని రాస్తె మంచిగుంటది దొరా," అంది.

"మా ఇంట్ల పెద్దోన్ని దొర అనే అంటరు. గంతకన్న పెద్ద మాట నాకు తెల్వదు."

ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది. మీకీపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

వికారాబాద్‌కు రైలెక్కాం. అక్కడ చిన్నది సుశీల ఇత్తడి పళ్లెం మీద దరువు వేసింది. సరోజ గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని పాడింది. పిల్ల గొంతు అంత తీయనిదని ఎనిమిదేళ్లలో నాకు అప్పుడే తెలిసింది. దొర మాట ఆపగానే చుట్టూ అందరూ ఆగినట్టు, పాట ఆగగానే యంత్రమూ ఆగుతుందనుకున్నాను. బండికి వేళైందని, ఒకసారి విని చూసుకోకుండానే బయల్దేరాం.

పండుగనాడు సుగుణమ్మ తమ్ముడు యంత్రం పట్టుకుని వచ్చాడు. బడి నిండా జనం. నేను ముందు వరుసలో తలపాగాతో నిటారుగా కూర్చున్నాను. "కొట్టంల పుట్టిండు దొర" అనగానే వెనక ఎవరో దగ్గారు. పొట్టి తలుపు దగ్గరికి వచ్చేసరికి నాలుగు వరుసలు దగ్గాయి. ఊరికంతా జలుబు చేసిందనుకున్నాను. పాట అయిపోయింది. సుగుణమ్మ తమ్ముడు మీట నొక్కేలోపే పెట్టెలోంచి సరోజ మాట వచ్చింది:

"బాపు, గిది మనిల్లే గదా?"

వెంటనే నా గొంతు, ఖంగుమని:

"నోర్ముయ్. మనది కొట్టం గాదు, గడి."

కప్పు ఎగిరిపోయేంత నవ్వు. నేను లేచి వెళ్లి చక్రం మీది టేపు గుంజాను. అది పేగుల్లా బయటికి వచ్చి కాళ్లకు చుట్టుకుంటే, కసిగా తెంపి పారేశాను. అప్పుడు తలెత్తి చూస్తే సరోజ నిలబడి ఉంది. అందరూ తన పాటకే సంతోషపడి నవ్వారనుకుందట. నేను టేపు తెంపాక ఆ ముఖంలో సంతోషం లేదు.

దారి పొడుగునా పిల్ల నా వెనకే నడిచింది. వాకిట్లోకి వచ్చాక మెల్లగా అడిగింది:

"నేను మంచిగ పాడలేదా బాపు?"

మంచిగ పాడినవు బిడ్డా అంటే సరిపోయేది. జవాబు తప్పించుకోవడానికి గబగబా లోపలికి నడిచాను, వంగడం మరిచి. నుదురు నాపరాయికి ఠంగున తగిలింది.

సరోజ మళ్లీ పాడలేదు. ఆ గొంతు దాచుకున్న ఒక్క టేపునూ తెంపింది నేనే.

నుదుటి బొప్పి మీద చెయ్యి పెట్టుకుని ఆనాడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో పాట రాయను. రాసినా, పిల్ల గొంతున్న టేపు మీద చెయ్యి వెయ్యను. ఆ ద్వారంలో మాత్రం ఈనాటికీ తప్పకుండా వంగుతున్నాను.