వెనుక నుంచి వచ్చే రాయి

నా చదువు నాలుగో తరగతి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కొడకండ్లలో మా బడికి తాళం పడింది. తెరిచేసరికి నేను మిరప తోటలో కాయలు తెంపుతున్నాను. బాపు మళ్లీ పంపలేదు. అందుకే నా బిడ్డ చదువు దగ్గర నేను గట్టిగా ఉండేదాన్ని. గట్టిగా అంటే, చెయ్యి కూడా చేసుకునేదాన్ని.

ఎనభైల చివర్లో డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయన పాయింట్స్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే పని. బిడ్డకు తొమ్మిదేళ్లు, నేను ఆగిపోయిన నాలుగో తరగతిలోనే ఉంది. పంతులమ్మ నెల నెలా ఒకటే మాట చెప్పేది: చేతిరాత బాగుంది, లెక్కలు బాగున్నాయి, కానీ చెబితే వినదు, ఇట్లాగే ఉంటే వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో కూర్చోబెడతానని. ఇంట్లోనూ అంతే. వెనుక నుంచి నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలికేది. పొగరు అనుకున్నాను. చిన్నప్పుడు దాని చెవులు కారేవి. వెల్లుల్లి వేసి కాచిన నూనె వెచ్చవెచ్చగా పోసేదాన్ని. మా అమ్మ నాకు అదే పోసింది. కారడం ఆగింది కాబట్టి నయమైందనుకున్నాను.

పక్క క్వార్టర్‌లో ఉండే అక్కకు టీవీ ఉండేది. ఆమె తమ్ముడు దుబాయి నుంచి వస్తూ దానికి తగిలించే ఆట ఒకటి తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నాలు కిటికీకి దుప్పటి కట్టి, లైను పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆడించేది. బయట ఇంజన్లు డబ్బాలను గుద్దుకుంటూ తిరిగే చప్పుడు, లోపల పిల్లల చెమట వాసన. బిడ్డను లాక్కుపోదామని వెళ్లి నేనూ కూర్చుండిపోయాను.

నల్లటి తెర మీద ఒక ఆకాశ ఓడ. రాళ్ల మధ్య నుంచి దాన్ని నడిపి గ్రహం చేర్చాలి. ఓడకు కళ్లుండవు, వాటి బదులు పరికరాలుంటాయని అక్క చెప్పింది. ముందువైపుది బొత్తం నొక్కితే పనిచేస్తుంది. ఓడ ముక్కు నుంచి ఒక గీత వెళ్లి, రాయికి తగిలి తిరిగొస్తుంది. ఎంత తొందరగా వస్తే రాయి అంత దగ్గరున్నట్టు. అప్పుడు రాయి ఎక్కడుందో గుర్తుగా తెర అడుగున చుక్క పడుతుంది. ఇంకొకటి వేడి చెప్పే ముల్లు. సూర్యుడి దగ్గరికి పోతే ఎర్ర గీత దాటుతుంది. వెనుక వచ్చే రాయి మాత్రం తెర మీద కనబడదు. దానికి చప్పుడొక్కటే గుర్తు. దూరంగా ఉంటే టిక్కు టిక్కుమని సన్నగా, నిదానంగా వస్తుంది. దగ్గరయ్యేకొద్దీ తొందర పడుతుంది. అప్పుడు పక్కకు జరగాలి.

ముందు బొత్తం నొక్కినప్పుడల్లా ఇంధనం తగ్గేది. అది నాకు నచ్చలేదు. ఒకసారి చూసి రాళ్లు ఎక్కడున్నాయో యాది పెట్టుకోవచ్చు కదా అన్నాను. పిల్లలు నవ్వి ఆట నా చేతికే ఇచ్చారు. ఒక్కసారి నొక్కి చూసుకున్నాను, వెనుక సంగతి చెవికి వదిలేశాను, సగం ఇంధనం మిగిల్చి గ్రహం చేరాను.

"ఇంట్ల లైట్లు బంద్ జేసినట్లే ఓడల గూడ బంద్ జేస్తున్నవా చెల్లె" అంది అక్క.

నా బిడ్డ ముందు రాళ్లను అందరికంటే బాగా తప్పించేది. వెనుక రాయికి మాత్రం ప్రతిసారీ దొరికిపోయేది. టిక్కుటిక్కు గది నిండా వినబడుతున్నా వేలు కదిపేది కాదు. అయిదోసారి నాకు ఒళ్లు మండి, భుజం పట్టి నా వైపు తిప్పుకున్నాను.

"సప్పుడు ఇనవడ్తలేదా నీకు?"

నా పెదవుల వైపు చూసింది. "ఏం సప్పుడమ్మా?"

"ఎనుక రాయి వస్తే టిక్కు టిక్కు అంటది గద."

"అందరికి ఎట్ల ఎరుకైతుందో అని నేను గూడ పరేషాన్ అయితున్న. నాకైతే తగిలినంకనే తెలుస్తది."

నాకు నా చెయ్యి గుర్తొచ్చింది. పలకలేదని వెనుక నుంచి వచ్చి వేసిన దెబ్బలన్నీ గుర్తొచ్చాయి.

ఇంటికి తీసుకొచ్చి గోడ వైపు కూర్చోబెట్టాను. వెనుక నిలబడి చెంచాతో పళ్లెం మీద కొట్టాను. గడప దగ్గర నుంచి కొడితే పలకలేదు. చేతికందేంత దగ్గరకొచ్చి కొడితే తిరిగి చూసింది. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు.

"లైను జూడకుండ బండిని తిట్టినం" అన్నాడు.

మరునాడు పొద్దున బండికి వరంగల్ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టర్ చెవుల్లో లైటు వేసి చూసి, రెండు చెవుల్లోనూ లోపలి పొరలకు చిల్లులున్నాయన్నాడు. ఇక నూనె చుక్క కూడా పోయొద్దన్నాడు. ముందు చెవులు ఎండాలి, ఆ తర్వాత ఒక చెవికి ఆపరేషన్ చేసి చూద్దామన్నాడు. వినబడుతుందా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేనన్నాడు.

పంతులమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ముందు బల్లలో కూర్చోబెట్టి, ముఖం చూపించి చెప్పమని అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుంది, అట్లాగే చేసింది. బిడ్డ ఆ ఏడు అయిదో తరగతికి వెళ్లింది. నేను కూడా వెనుక నుంచి పిలవడం మానేశాను. పొయ్యి మీద ఏమున్నా దించి, చుట్టూ తిరిగి, ఎదురుగా వెళ్లి నిలబడేదాన్ని. అట్లా ఏడాది గడిచాక ఆపరేషన్ అయింది.

కట్టు విప్పాక వచ్చిన ఆదివారం అక్క ఇంటికి పోయాం. బిడ్డ ఓడ నడుపుతూ ముందు బొత్తం ఊరికే నొక్కుతోంది. ఇంధనం కళ్ల ముందే కరిగిపోతున్నా నేను నోరు తెరవలేదు. టిక్కు మొదలైంది. దాని వేలు ఆగింది. ఓడ కాస్త ఆలస్యంగా పక్కకు జరిగింది. రాయి తగలకుండా దాటిపోయింది.

తెర మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "అమ్మా, గిదేనా?"

నేను దాని వెనుక, గోడకు ఆనుకుని కూర్చున్నాను. లేవలేదు, ముందుకు పోలేదు. అక్కడి నుంచే మెల్లగా అన్నాను.

"గిదే బిడ్డా."

తల ఊపింది.