అభ్యంతరాలేవీ రాలేదు

పోయిన నెల ఒక నిశ్చితార్థానికని చాలా ఏళ్ల తర్వాత మా ఊరికి వెళ్లాను. చిత్తూరు బస్సు దిగి పెద్ద బజారులో పదడుగులు వేశానో లేదో, నాలుగు చినుకులకే మునిసిపల్ కాంప్లెక్సు మెట్ల కింద నుంచి నల్లటి మురుగు బుడబుడమంటూ పైకి పొంగింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కొంగుతో ముక్కు మూసుకుని దాటుతుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్లయితే అర్థం చేసుకుంటారని ఇప్పుడు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో, టైపు హయ్యరు పాసై, ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా చేరాను. మా ఇంట్లో ఆఫీసుకు పోయిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి నాయన ఆ వారమంతా బజారులో కనిపించిన వాళ్లందరికీ ఆ మాటే చెప్పుకున్నాడు. ఇప్పుడు కాంప్లెక్సు ఉన్న చోట అప్పట్లో సంత మైదానం ఉండేది. నగరి నుంచి మగ్గం చీరల మూటలు, ఐరాల వైపు నుంచి బెల్లం బండ్లు అక్కడే దిగేవి. మైదానం పక్కగా ఊళ్లోని వాననీళ్లన్నిటినీ బయటికి తీసుకుపోయే పెద్ద కాలువ ఉండేది. మా మేనత్త ఆ మైదానంలో కూరగాయలు అమ్ముకుంటూ, కాలువ వెనక సందులో కాపురముండేది.

ఆ కాలువ మీద స్లాబు వేసి, మైదానమంతా కలిపేసి, రెండంతస్తుల అంగళ్లు కట్టాలని కౌన్సిలు అనుకుంది. కాలువ మూస్తే తమ ఇళ్లు మునుగుతాయని మూడు వీధుల జనం అర్జీ రాసుకున్నారు. సంతకం రాని వాళ్లు వేలిముద్రలు వేశారు. మొదటి సంతకం ఆ వార్డు కౌన్సిలరుది, మాకు వరసకు మామ. మీటింగు రోజున నలభై మంది దాకా బేరాలు మానుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి గోడ పొడుగునా నిలబడ్డారు. మినిట్స్ రాసుకోవడానికి నేను మేనేజరు పక్కన కూర్చున్నాను.

అందరి తరఫునా మాట్లాడింది మా అత్తే. బడి మొహం చూడని మనిషి, చేతులు కట్టుకుని, గొంతు మాత్రం వణక్కుండా చెప్పింది.

“నీళ్లకు మీ తీర్మానం తెలీదు సామీ. దాని దోవన అది పోతా ఉండాది. మీరు మూసేస్తే అది యాడికి పోవల్ల? మా ఇండ్లలోకే గదా!”

“ఇంజనీరుకు తెలీనిది నీకు తెల్సునా? కూరగాయలు అమ్ముకునేదానివి, పోయి అమ్ముకో పో,” అన్నాడు ఛైర్మను, వక్కాకు నములుతూనే. కౌన్సిలర్లు నవ్వారు. చేతులెత్తమన్నప్పుడు అందరికంటే ముందు లేచిన చెయ్యి మా మామది. కట్టబోయే వాటిలో మూలమీది అంగడి ఆయనకేనని ఖాయమైనట్టు తర్వాత తెలిసింది.

జనం వెళ్లిపోయాక బోండాలు వచ్చాయి. ప్లేట్లు చాలలేదు. బంట్రోతు చేతికందిన కాగితాలు పరిచాడు, అవి ఆ అర్జీ కాగితాలే. చూస్తుండగానే నూనె వేలిముద్రల మీదుగా పాకింది. మామ బోండా తిని, తన సంతకమున్న కాగితానికే వేళ్లు తుడుచుకుని, దాన్ని ఉండచుట్టి బుట్టలో పడేశాడు. ఇవాళ్టికీ బోండా వాసన నాకు పడదు.

మర్నాడు మేనేజరు తీర్మానం చిత్తుప్రతిని టైపు చెయ్యమని ఇచ్చాడు. అందులో ‘ప్రజల నుంచి అభ్యంతరాలేవీ రాలేదు’ అని ఉంది. అర్జీ ఇచ్చినారు గదా సార్ అన్నాను. “నీకెందుకమ్మా అదంతా, కొట్టు. నీ పర్మనెంటు కాగితం గూడా నేనే గదా పంపల్ల,” అన్నాడాయన. కొట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

అంగళ్లు లేచాయి. ఆ మరుసటేడు కార్తీకంలో ముసురు పట్టి మూడు రోజులు విడవలేదు. దారిలేని నీళ్లు సందులోకి తిరిగాయి. మురుగు మోకాళ్ల దాకా నిలిచింది. అత్త ఇంట్లో బియ్యం బస్తా, పడకలు, ఆఖరికి పొయ్యి కూడా అందులోనే మునిగాయి. వాన వెలిసిన రోజున ఆ జనమే బురద కాళ్లతో ఆఫీసుకొచ్చారు. ఛైర్మను నన్ను పిలిచి, ఫైలు తెచ్చి ఆ తీర్మానం అందరికీ వినిపించమన్నాడు.

చదివాను. అభ్యంతరాలేవీ రాలేదన్న వాక్యం కూడా వదలకుండా చదివాను.

“అంటే మేం రాలేదా మే?” అంది అత్త నా వైపే చూస్తూ. “నువ్వు ఆడనే కూసోని ఉంటివి గదా.”

“రికార్డు అబద్ధం చెప్తాదా?” అన్నాడు ఛైర్మను.

అందరూ నా నోటి వైపు చూశారు. ఒక్క మాట చాలు. నేను ఫైలు మూసి, తాడు కట్టాను.

సాయంత్రం ముఖం చెల్లకపోయినా సందులోకి వెళ్లాను. అత్త చేటతో బురద ఎత్తిపోస్తోంది. నేను కొంగు బిగించి చేట అందుకోబోతే, “వద్దులే పాపా, ఆఫీసు చీర పాడైపోతాది,” అంది. దెప్పిందో, నిజంగా చీర గురించే అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆ తర్వాత ఆమె ఆ మాటెత్తలేదు. అంగడికి బాడుగ కట్టే స్తోమత లేక, గంప నెత్తికెత్తుకుని వీధి వీధీ తిరిగి అమ్మింది, మోకాళ్లు పోయేదాకా. రెండు నెలల్లో నాకు పర్మనెంటు వచ్చింది. నాయన పొంగిపోయాడు. ఆ కొలువులోనే, బదిలీల మీద ఊళ్లు మారుతూ, తల నెరిసి రిటైరయ్యాను. ఆ పింఛనే తింటున్నాను.

ఛైర్మను మీదా, మామ మీదా నాకున్న రోత అలాగే ఉంది, నా మీద ఉన్నది మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఇప్పుడు కౌన్సిలు మీటింగులకు జనమెవరూ రారని, ఈ కాలం వాళ్లకు ఊరి గోడు పట్టదని, నాతో పనిచేసిన వాళ్లు ఫోన్లలో వాపోతుంటారు. నేను ఊఁ కొట్టి ఊరుకుంటాను. వేలిముద్ర వేస్తే ఎవరో ఒకరు చదువుతారని నమ్మి, సగం రోజు బేరం పోగొట్టుకుని వచ్చిన మనుషులు మా కళ్ల ముందే ఉండేవాళ్లు. రావడం దండగని వాళ్లకు నేర్పింది మేమే.