టేబుల్ మీద చీర

నర్సీపట్నంలో ఏడో తరగతికి సోషల్ చెబుతాను. మొన్న సమానత్వం పాఠం అయ్యాక, "ఈ బడిలో మీ మనసు కష్టపెట్టిన సంగతేదైనా ఉంటే భయపడకుండా చెప్పండర్రా" అన్నాను.

కొయ్యూరు కొండల నుంచి వచ్చి చదువుకుంటున్న జ్యోతి లేచింది.

"గెస్టులెవరొచ్చినా నన్నే దింసా డేన్సు ఆడమంతారు టీచర్. నాకు సిగ్గు. కొండోల్ల పిల్లనని నన్నే నిలబెడతారు."

"ఎవరే అలా నిలబెట్టేది?" కోపంగా అడిగాను.

"మీరే టీచర్."

తల కొట్టేసినట్టయింది. ముచ్చటపడి పిల్లను ముందుకు తెస్తున్నాననే అనుకున్నాను గానీ, అందరిలోంచీ వేరు చేస్తున్నానని ఏనాడూ తోచలేదు.

మర్నాడు రాబోయే అతిథుల ముందు ఆమెకు కట్టించాలని తెచ్చిన చీర టేబుల్ మీదే ఉంది. దాన్ని గబగబా బ్యాగులో కుక్కుతుంటే, క్లాసంతా నా చేతులకేసే చూసింది.