కట్టమ్మ పిలవని నాటు

మా తమ్ముడు చైతన్య పేరు టీవీలో వచ్చినప్పుడల్లా ముందు ‘కరుడుగట్టిన’ అని ఒక ముక్క తగిలిస్తారు. తప్పు లేదు. హైదరాబాద్‌లో భూముల సెటిల్‌మెంట్లు, బెదిరింపులు, హత్యకేసులు. ఇప్పుడు పరారీలో ఉన్నాడు. కానీ కెమెరాలు పట్టుకుని తరిగొప్పుల దగ్గర మా ఊరికొచ్చి, చిన్నప్పుడు పిల్లులను చంపేవాడా అని మా అమ్మను అడిగారు చూడండి, అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

వాడు ఏ పిల్లినీ చంపలేదు. మా నాయిన పోశయ్య బావులు తవ్వేవాడు. మట్టిపెళ్లలు కూలి బావిలోనే పోయాడు. అప్పటికి తమ్ముడు చంకపిల్లాడు. మా అమ్మ కట్టమ్మ వాణ్ణి గట్టు మీద పడుకోబెట్టి నాట్లు వేసేది. ఏడిస్తే దగ్గరున్న ఆడమనిషి ఎత్తుకునేది. పెద్దయ్యాక పదో తరగతి తప్పి పట్నం పోయాడు, అక్కడ కొట్లాటలు మరిగాడు. పేదరికం వాణ్ణి చెడగొట్టిందని పేపర్లో రాశారు. అదే ఇంట్లో అదే గంజి తాగిన నేను జనగామలో బట్టల షాపులో చీరలు మడతపెడుతున్నాను. వాడు చేతులారా చెడ్డాడు, అంతే.

మా దగ్గర నాట్లకు బదులు పోతారు. ఈ రోజు నేను నీ మడిలో నాటు వేస్తే, రేపు నువ్వు నా మడిలో వేస్తావు. ఈ వానాకాలం పోలీసులు మా ఇల్లు సోదా చేసి పోయాక కూడా అమ్మ అందరి మడులకూ పోయింది. తన వంతు వచ్చేసరికి మాత్రం ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే రారేమోనని భయం. రాకపోతే ఇక ఊళ్లో తలెత్తుకునేది ఎట్లా? ఎకరం మడి దున్ని సిద్ధంగా ఉంది, నారు ముదిరిపోతోంది. నేను సెలవు పెట్టి వెళ్లేసరికి ఒక్కతే వంగి నాటుతోంది.

ఊళ్లోవాళ్ల లెక్క వేరు. కొడుకు డబ్బు పంపి ఉంటాడు, బీహారు కూలీలను పెట్టుకుంటుంది, ఇక మనతో ఏం పని అని వాళ్లు అలిగి కూర్చున్నారు. వాడి సొమ్ముతో అమ్మ ఉప్పు కూడా కొనలేదని వాళ్లకెవరు చెప్పాలి?

ఆ సాయంత్రం, ఎప్పుడూ అమ్మతో కలిసి నాట్లకు పోయే రాములమ్మ పెద్దమ్మ ఉండబట్టలేక గట్టు మీదికొచ్చింది.

“బీహారోళ్లను మాట్లాడినవట గదనే?”

“ఎవలను మాట్లాడలే అక్కా. ఏ మొఖం పెట్టుకొని మిమ్ముల పిలువాలె?”

పెద్దమ్మ మడిలోకి దిగి అమ్మ పక్కకొచ్చింది.

“వాడు నా పాలు గూడ తాగిండు కట్టమ్మా. గట్లయితె నేను గూడ మొఖం దాసుకోవాలె. పొద్దుగాల అందరం వస్తం, నారు పీకి పెట్టు.”

అన్నట్టే తెల్లవారి వచ్చారు, ఒక్కరు కూడా తగ్గకుండా. మామూలుగా నాటు వేస్తుంటే పాటలు సాగుతాయి. ఆ రోజు ఎవరూ ఎత్తుకోలేదు. తమ్ముడి మాటా తీయలేదు. సగం మడి అయ్యాక వరుస మధ్యలో అమ్మ భుజాలు కదలడం చూశాను. పోలీసులొచ్చినప్పుడు చుక్క రాల్చని మనిషి, వంగి నాటుతూనే ఏడుస్తోంది.

నాటు వేసేవాళ్లు నడుము నొప్పికి మధ్యమధ్య లేచి నిలబడతారు. ఆ రోజు ఎవరూ లేవలేదు. లేస్తే అమ్మ మొహం కనబడుతుందని ఎవరికి వాళ్లే అనుకున్నారేమో, అందరూ అట్లాగే వంగి నాటారు. ఆ ఆడవాళ్లకు నేను బతికినన్నాళ్లూ దండం పెట్టుకుంటాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నిలబడ్డాకే, వాళ్లూ నడుములు ఎత్తారు.