అడగకుండానే ఆగిన మగ్గం

హిందూపురం నుంచి బెంగళూరు ఆఫీసుకు రోజూ రైల్లో తిరిగేవాణ్ణి. ఇంటి నుంచే కంప్యూటర్‌లో లెక్కలు చూసుకునే వీలు ఈ నెలే దొరికింది.

ఈ రోజు ఫోన్లో మేనేజరు, "ఆ టకటక ఏంది? ఇంకో పని పెట్టుకున్నావా?" అన్నాడు. పక్కింటి మగ్గమని చెప్పాను. సరిగ్గా అప్పుడే అది ఆగిపోయింది.

"అడగ్గానే ఆగిందే," అని నవ్వాడు. మళ్లీ ఆఫీసుకు రావాలో లేదో రేపు ఫోన్ చేసి చెబుతానన్నాడు.

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో పక్కింటి రమణమ్మక్క నిలబడి ఉంది. "నీ మాట ఇనిపించి మగ్గం నిలిపినా లేప్పా. ఫోనొచ్చినప్పుడల్లా నిలుపుతా, నిమ్మళంగా మాట్లాడుకో."

తలూపాను. ఫోన్ రాగానే మళ్లీ ఆగితే ఆ మగ్గం నాదేనని మేనేజరు తేల్చేస్తాడు. రేపు మాత్రం ఆపవద్దని ఆమెకు ఎలా చెప్పాలి? మీకేమైనా తోస్తే చెప్పండి.