దొర గాలానికి మా సన్న వడ్లు

ఆ రోజుల్లో నాకు ఒకచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. డిగ్రీ అయిపోయింది, సర్కారు కొలువుకు పరీక్ష రాశాను, ఫలితం మాత్రం ఇవాళ రేపు అంటూ జరుగుతూనే ఉంది. బాన్సువాడలో మా ఇంటి గేటు నుంచి బస్టాండు దాకా, బస్టాండు నుంచి గేటు దాకా ఊరికే తిరిగేవాణ్ణి (ఎక్కేవాణ్ణి కాదని తెలిసిపోయి ఆటోవాళ్లు నన్ను పిలవడం కూడా మానేశారు). ఇంట్లో ఏ పని చెప్పినా నా చేతిలో అది ఎక్కడో ఒకచోట బెడిసికొట్టేది. ఒక్క పనైనా సవ్యంగా చేసి చూపించాలని లోపల ఒకటే ఉక్రోషం. సరిగ్గా అప్పుడే మా అక్క భర్త, బిచ్కుంద బావ, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు.

బావ అక్కడ ఒక తెల్లదొర దగ్గర డ్రైవరు. ఆ దొర తన దేశానికి వెళ్లిపోతూ తన గాలం కర్రనూ, సంచెడు తాళ్లనూ బావకిచ్చేశాడు. నల్లగా నిగనిగలాడే ఆ కర్రను చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. దాని పద్ధతే వేరు. వానపాము అక్కర్లేదు, కొక్కేనికి ఈకలు చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది. ఈగకు బరువుండదు కాబట్టి తాడుకే బరువుండాలి. ఆ బరువుకు కర్ర వంగి లేస్తేనే ఈగ దూరంగా వెళ్లి పడుతుంది. కర్రకు తగ్గ తాడు కాకపోతే అంతా వృథా. కర్ర మీద ఆరు అని అంకె ఉంది, తాళ్ల మీద మాత్రం ఏ గుర్తూ లేదు. బావ సంచి నా ముందు పెట్టి, "ఐతారం మంజీరకు పోదాం బామ్మర్దీ. గీండ్ల ఆరు నంబర్ది ఏదో నువ్వు తేల్చు. తేలిస్తే కట్టె నీకే ఇడిసిపోత, లేకుంటే మా తమ్మునికిస్త" అన్నాడు. ఆ తమ్ముడికి అప్పటికే కొలువు ఉంది, బండి ఉంది. కర్ర కూడా వాడికే పోతుందంటే నాకు అన్నం దిగలేదు.

ఇంట్లోనే తేల్చుకునే ఉపాయం ఫోన్‌లో ఒక వీడియోలో దొరికింది. తాడు మొదటి ముప్పై అడుగులు చుట్ట చుట్టి తూచాలట. ఆరో నంబరు తాడు నూట అరవై గింజల ఎత్తు తూగాలట. మన కంసాలులు గురిగింజలతో బంగారం తూచినట్టు దొరలకూ ఒక గింజ లెక్క ఉందన్నమాట. ఏ గింజ అన్నది ఆ వీడియో మనిషి చెప్పలేదు. చుట్టూ వరి తప్ప మరొకటి కనిపించని ఊరివాడిగా నేనూ ఆ అనుమానం పెట్టుకోలేదు. స్కేలు మధ్యలో దారం కట్టి, రెండు కొసలకూ పచ్చడి సీసాల మూతలు వేలాడదీసి తక్కెడ తయారుచేశాను. అరుగు మీద కూర్చుని వడ్లు లెక్కపెడుతుంటే పొలం నుంచి బాపు వచ్చాడు. నా తక్కెడ వంక ఒకసారి చూశాడు. ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాడు.

"తేమ మస్తున్నది. పదిహేడు దాటింది. గీ వడ్లతోని జోకితే నీ లెక్క తప్పుతది."

కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటిందని తన ధాన్యాన్ని వెనక్కి పంపిన ప్రతిసారీ దిగమింగుకున్న కోపమంతా ఆ రోజు నా గుప్పెడు గింజల మీద తీర్చుకున్నాడు బాపు. వాటిని గోనెపట్టా మీద ఆరబోయమన్నాడు. ఆరబోశాను. కాలితో తిరగేశాను, కోళ్లను అదిలించాను, గంటకోసారి ఒక గింజ కొరికి చూశాను. (అమ్మ మాత్రం ఇవేవీ పట్టనట్టు, పెరట్లో కొత్తగా కట్టిన దండెం మీద చెద్దర్లు ఆరేసుకుంటూ ఉంది.) ఆదివారం దగ్గరపడుతున్న కొద్దీ నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

చివరికి బాపు సరేనన్నాక ఒక మూతలో వడ్లు, ఒక మూతలో తాడు పెట్టాను. తాడు మూత దభీమని కింద పడింది. ఇంకో తాడు పెట్టాను, అదీ అంతే. సంచిలో ఉన్నవన్నీ అంతే. సన్నవి కాబట్టి అలా అవుతోందని బాపు దొడ్డు వడ్లు తెచ్చి ఇచ్చాడు. వాటితోనూ తక్కెడ లేవలేదు. ఇంత బరువు తాళ్లతో దొర ఏం పట్టేవాడో నాకు అంతుపట్టలేదు. ఇక చేసేదేం లేక అన్నిట్లోకీ తేలికైనదే ఆరో నంబరని తీర్మానించాను.

మంజీర ఒడ్డున ఆ తాడు నా తీర్మానాన్ని ఒప్పుకోలేదు. కర్ర వంగనే వంగలేదు. ఎంత ఊపినా తాడు గాలిలో తూలి నా మెడకే చుట్టుకుంది. ఈగ పోయి బావ లుంగీకి గుచ్చుకుంది. అవతలి ఒడ్డున గొర్లకాపరులు తమ పని మానుకుని కూర్చుని చూశారు. తిరుగుదారి పొడుగునా బావ లుంగీకి పడ్డ చిల్లిని వేలితో సవరించుకుంటూనే వచ్చాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంటికొచ్చి స్నానం చేసి, తువ్వాల ఆరేయబోయిన బావ దండెం దగ్గర ఆగిపోయాడు. ఆ తాడు ఆకుపచ్చగా, నున్నగా, రెండు వరుసలు కట్టి ఉంది. వేళ్లతో నలిపి చూసి, ఇదెక్కడిదని అమ్మనడిగాడు. సంచిలో రంగు బాగుందని తీసుకున్నానని, కొయ్యకుండా అలాగే కట్టానని అమ్మ చెప్పింది. బావ చెద్దర్లు తీసి ఆమె భుజం మీద వేసి, దండెం విప్పి కర్రకు ఎక్కించాడు. వాకిట్లోకి వచ్చి ఒక్క విసురు విసిరితే కర్ర విల్లులా వంగింది, తాడు సాఫీగా సాగి గేటు దాటి రోడ్డు మీద పడింది. బావ నవ్వాగక అరుగు మీద కూర్చుండిపోయాడు. దొర గింజ వరి గింజ కాదట, అదొక తూకం పేరట, మన సన్న గింజలు మూడు నాలుగు కలిస్తే దాని ఎత్తట. దొర ఎప్పుడూ బంగారు దుకాణం మిషన్ మీదే జోకించేవాడట.

"తాడు తేల్చింది నువ్వు గాదు. మాటంటే మాటే. కట్టె అత్తమ్మది" అన్నాడు బావ.

అమ్మ కర్రను తీసుకుని తలుపు మూలన నిలబెట్టింది. నాకు ఇవ్వడానికి ఒకే ఒక్క షరతు పెట్టింది: బట్టలు ఆరాకే దండెం విప్పాలి. అలా ప్రతి ఆదివారం నేను తడి చెద్దర్ల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరగడం, బాపు వచ్చి చెద్దరు అంచు వేళ్లతో నలిపి, "పదిహేడుకు రాలే ఇంక" అనడం మామూలైపోయింది. ఆ ముసలాయన మీద నాకు ఎంత మంట పుట్టేదో చెప్పలేను.

తర్వాత కొలువు వచ్చింది, కామారెడ్డిలో ఉంటున్నాను. మొన్న ఒక ఆదివారం పొద్దున్నే ఇంటికి వెళ్తే పెరట్లో దండెం లేదు. నీళ్లోడుతున్న చెద్దర్లు కుర్చీ మీద కుప్పగా ఉన్నాయి. తాడు ఎక్కించిన కర్ర గుమ్మానికి ఆనించి ఉంది.

"నీకు ఆగబుద్ధి గాదు గదా బిడ్డా, ముందే ఇప్పిన" అంది అమ్మ.

నేను తాడు విప్పి మళ్లీ రెండు వరుసలు కట్టి, చెద్దర్లు ఆరేసి, అమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి బాపు మెల్లగా వచ్చి చెద్దరు అంచు నలిపి పెదవి విరిచాడు. ఆ రోజు ఎండ ఎక్కువగానే ఉంది. కొంచెం మబ్బు పడితే బాగుండుననిపించింది.