పడుగు దాటని పాట

హైదరాబాద్‌ల ఒక రాక్ బ్యాండ్ ఉన్నది. గిటార్లు దద్దరిల్లంగ మన యాసలనే పాడుతరు. మొన్న వాళ్ల హిట్లన్నీ ఒక్కతాన చేర్చి ఆల్బం తెచ్చిండ్రు. అందరు మెచ్చే మొదటి పాట నాకు ఉత్త లొల్లి. బైకుల మీద తిరిగే వీడియో అయితే చూడనే చూడ.

నా లెక్కల అసలు వీడియో ఒక్కటే. చిట్యాల దిక్కు మా మగ్గాల గల్లీల తీసిండ్రు. ఆ పొద్దు మా అమ్మ గల్లీ పొడుగున పడుగు దారాలు చాపి, కుంచెతోని గంజి పట్టిస్తాంది.

"జర తీస్తరా అమ్మా, షూటింగ్ ఉన్నది" అన్నడు కెమెరా ఆయన.

పడుగు చాపినంక మా గల్లీల పెండ్లి బారాతైనా చుట్టు తిరిగి పోవాల్సిందే.

"ఆరేదాంక ఎవ్వరు దాటరు బిడ్డా" అన్నది అమ్మ. చేతుల కుంచె మాత్రం ఆపలే.

ఆఖరికి సింగర్ చెప్పులిడిసి, దారాల పక్కపొంటి నడుసుకుంట పాడిండు. డ్రమ్ముల వ్యాన్ వెనుక గల్లీకెళ్లి పోయింది.

వీడియో చూసి మా ఆఫీసోళ్లు "సెట్టింగ్ ఎవరేసిండ్రో గాని మస్తున్నది" అన్నరు. నాకు కాలింది.

"సెట్టింగ్ కాదు, మా అమ్మ పడుగు. అంత పెద్ద బ్యాండోళ్లు గూడ దాన్ని దాటలే."